ఉప్పునీళ్లకి ఆగే ఫిట్‌నెస్ బ్యాండ్ ఏది? రుషికొండలో కయాకింగ్ చేసేవాళ్లు చెప్పండి

ఉప్పుగాలి
నా బ్యాండ్ పోయింది. నాలుగంటే నాలుగే ఆదివారాలు పనిచేసింది. విశాఖ రుషికొండ బీచ్‌లో కయాకింగ్ (సన్నటి పడవని తెడ్డుతో నడపడం) మొదలుపెట్టి నెల దాటింది. మొదటి మూడు వారాలు ఏ ఇబ్బందీ లేదు. నాలుగో వారం ఒడ్డుకొచ్చి చూసుకుంటే అద్దం లోపల ఆవగింజంత నీటి బొట్టు. సాయంత్రానికల్లా తెరంతా చెమ్మ పట్టేసింది. మర్నాడు ఛార్జింగ్ ఎక్కలేదు. వెనక్కి తిప్పి చూస్తే రెండు పిన్నుల్లో ఒకటి పచ్చగా చిలుం పట్టి ఉంది.

సర్వీస్ సెంటర్‌కి పట్టుకెళ్తే "లోపలికి నీళ్లు వెళ్లాయి మేడం, దీనికి వారంటీ రాదు" అన్నారు. డబ్బా మీద వాటర్‌ప్రూఫ్ అని అంతంత అక్షరాలతో వేసి, నీళ్లు వెళ్తే వారంటీ లేదనడం ఏం న్యాయం? ఐపీ68 అని, దుమ్ము, నీళ్లు ఆపే రేటింగ్ కూడా ఉంది.

ఇప్పుడు కొత్తది కొనాలి. ఆదివారం కయాక్, వారంలో మూడు రోజులు బీచ్ రోడ్డులో నడక, రెండు రోజులు పూల్‌లో ఈత. వయసు 38. బీపీ కాస్త ఎక్కువగా ఉందని, రోజూ వ్యాయామం చెయ్యమని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. అందుకే హార్ట్ రేట్ సరిగ్గా చూపించేది కావాలి. బడ్జెట్ 15 వేలు. నిజంగా మంచిదైతే ఇంకో అయిదు వేలు చూసుకుంటాను.

జగదాంబ_వాచీలు
మూడు తరాలుగా వాచీల రిపేరు మాది. ఇలాంటి బ్యాండ్లు ఇప్పుడు వారానికి అరడజను వస్తున్నాయి, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఐపీ68 సముద్రం కోసం పెట్టింది కాదమ్మా. ఆ పరీక్ష మంచినీళ్లలో, వస్తువును కదలకుండా ముంచి ఉంచి చేస్తారు. ఐపీ67 అంటే మీటరు లోతులో 30 నిమిషాలు. 68 అంటే అంతకన్నా గట్టి పరీక్ష. కానీ ఎంత లోతు, ఎంతసేపు అన్నది కంపెనీయే నిర్ణయించి చెప్పుకుంటుంది. తెడ్డు మీంచి జారే ఉప్పునీళ్లు, చెంపదెబ్బలా తగిలే కెరటం ఆ పరీక్షలో ఉండవు.

మీరు చూడాల్సింది 5 ఏటీఎం అన్న మాట. 50 మీటర్ల లోతులో ఉండే నీటి ఒత్తిడికి తట్టుకుంటుందని దాని అర్థం. 50 మీటర్లు డైవ్ చెయ్యొచ్చని కాదు. మామూలు వాచీలకి ఐఎస్‌ఓ 22810 అని ఒక ప్రమాణం ఉంది, డైవింగ్ వాచీలకి ఐఎస్‌ఓ 6425 అని వేరేది. ఈతకి, కయాక్‌కి 5 ఏటీఎం సరిపోతుంది. 10 ఏటీఎం అయితే ఇంకా నిశ్చింత.

ఇదంతా వాచీ కొత్తగా ఉన్నప్పటి మాటేనని గుర్తుపెట్టుకోండి. లోపల నీళ్లు ఆపేది ఓ సన్నటి రబ్బరు రింగు. సబ్బు, షాంపూ, వేడినీళ్లు, సన్‌స్క్రీన్, కింద పడినప్పటి దెబ్బ, అన్నీ దాని ఆయుష్షు తగ్గించేవే. ఉప్పునీళ్లు ఆరిపోయాక సందుల్లో గరుకు గరుకుగా ఉప్పు మిగులుతుంది. దాని మీద బటన్ నొక్కారంటే రింగుని గీరినట్టే. మీరు ఒడ్డుకి రాగానే మంచినీళ్లతో కడిగేవారా?

ఉప్పుగాలి
లేదండీ. టవల్‌తో తుడిచి ఊరుకునేదాన్ని. ఇంటికొచ్చి స్నానం చేసేటప్పుడు చేతికే ఉంచుకుని సబ్బు రాసేదాన్ని. అది ఇంకా తప్పన్నమాట.

జగదాంబ_వాచీలు
రెండూ తప్పే. అయినా మీ మీద మొత్తం నెట్టెయ్యను. డబ్బా మీద "సముద్రపు నీళ్లకి వాడొద్దు" అని చిన్న అక్షరాల్లో ఎక్కడో ఉంటుంది, ముందువైపు మాత్రం ఈత కొట్టేవాళ్ల బొమ్మ వేస్తారు. దాన్ని నేనూ ఒప్పుకోను.

భీమిలి_తెడ్డు
నాది 5 ఏటీఎం ఉన్న మామూలు షావోమీ బ్యాండ్. రెండేళ్లుగా గోస్తనీ సముద్రంలో కలిసే చోట వారం వారం తడుస్తోంది. ఏమీ కాలేదు. ఒడ్డున ఓ లీటరు నీళ్ల సీసా ఉంచుకుంటాను, రాగానే బ్యాండ్ పట్టీలోంచి తీసి రెండూ విడివిడిగా కడుగుతాను. 15 వేలు ఎందుకండీ?

కైలాసగిరి_పరుగు
@భీమిలి_తెడ్డు దాన్లో జీపీఎస్ లేదు కదా. ఎంత దూరం తెడ్డేశారో ఎలా తెలుస్తుంది?

భీమిలి_తెడ్డు
ఫోన్‌ని వాటర్‌ప్రూఫ్ పౌచ్‌లో వేసి లైఫ్ జాకెట్ జేబులో పెట్టుకుంటాను. బ్యాండ్ ఫోన్ జీపీఎస్ వాడుకుంటుంది. పైగా నీళ్ల మీద ఫోన్ దగ్గరుంటే ఆపదలో పనికొస్తుంది.

కైలాసగిరి_పరుగు
ఫోన్ దగ్గరుండాలన్నది ఒప్పుకుంటా. కానీ కయాక్ తిరగబడినప్పుడు పౌచ్ జారిపోయి నా ఫోన్ పోయింది, రికార్డయిందంతా దాంతోపాటే పోయింది. అప్పట్నుంచి జీపీఎస్ వాచీలోనే ఉండాలని నా పట్టుదల. నాది అమేజ్‌ఫిట్ టీ-రెక్స్. 10 ఏటీఎం, నాలుగు బటన్లు, జీపీఎస్ దాన్లోనే ఉంది. చెయ్యి చిన్నదైతే కాస్త బండగా కనిపిస్తుంది.

పూల్‌_అమ్మాయి
బటన్ల సంగతి నేనూ చెబుదామనుకుంటున్నా. టచ్ తెర ఒక్కటే ఉన్నది కొనకండి అక్కా. నీటి చుక్క పడితే వేలు తగిలిందనుకుంటుంది. నేను పూల్‌లో 20 రౌండ్లు కొట్టి చూస్తే నాలుగో రౌండ్‌లోనే పాజ్ అయిపోయి ఉంది. ఏడుపొచ్చింది.

సిరిపురం_కోడర్
ఆపిల్ వాచ్‌లో దానికే వాటర్ లాక్ ఉంది. పెడితే తెర స్పందించదు. తర్వాత పక్కనున్న క్రౌన్‌తో (తిప్పే బటన్‌తో) లాక్ తీస్తే శబ్దం చేసి స్పీకర్‌లోని నీళ్లు బయటికి నెడుతుంది. సిరీస్ 2 నుంచి అన్నీ 50 మీటర్ల రేటింగ్‌వే, అల్ట్రా అయితే 100 మీటర్లు. బడ్జెట్ మాత్రం దాటిపోతుంది, అందుకే సిఫార్సు చెయ్యట్లేదు. చాలా ట్రాకర్లలో ఇలాంటి లాక్ ఏదో ఒకటి ఉంటుంది, కొనేముందు షాపులోనే పెట్టి చూడండి.

ఉప్పుగాలి
ఇంకో సంగతి అడగాలి. పోయిన బ్యాండ్ బతికున్నప్పుడు కూడా కయాక్‌లో హార్ట్ రేట్ 84, 88 అనే చూపించేది. నాకేమో ఊపిరి ఆడేది కాదు, చెవుల్లో దడదడ వినిపించేది. నడకలో మాత్రం సరిగ్గానే ఉండేది. బ్యాండ్ ముందునుంచే పాడా?

గంభీరం_గాలి
పాడు కాదు. మణికట్టు దగ్గర కొలిచే ఏ బ్యాండ్‌కైనా తెడ్డు దగ్గర ఇదే బాధ. పన్నెండేళ్లుగా తెడ్డేస్తున్నాను, నాలుగు రకాలు మార్చాను, డబ్బు పోసి నేర్చుకున్నదే చెబుతున్నా.

బ్యాండ్ వెనక పచ్చ లైటు వెలుగుతుంది చూశారా, అది చర్మంలోకి వెళ్లి రక్తం మీద పడి తిరిగి ఎంత వస్తోందో కొలుస్తుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా రక్తం పొంగుతుంది, ఆ తేడాని లెక్కపెడుతుంది. నడకలో మణికట్టు వదులుగా ఉంటుంది కాబట్టి సరిపోతుంది. తెడ్డేసేటప్పుడు పిడికిలి బిగుస్తుంది, ముంజేతి నరాలన్నీ లేస్తాయి, మణికట్టు ప్రతి తెడ్డుకీ వంగి లేస్తుంది. బ్యాండుకీ చర్మానికీ మధ్య వెంట్రుకంత సందు తెరుచుకుని మూసుకుంటుంది, ఆ సందులో నీళ్లు. ఇక అది ఏం లెక్కపెట్టగలదు? ఒక్కోసారి మీ తెడ్డు వేగాన్నే గుండె వేగమనుకుని అదే చూపించేస్తుంది.

దీనికి రెండు దారులు. ఒకటి ఛాతీకి కట్టే బెల్ట్, పోలార్ హెచ్10 లాంటిది. అది గుండె విద్యుత్తునే కొలుస్తుంది, లెక్క చాలా నమ్మకం. కాకపోతే దాని మీద లైఫ్ జాకెట్ బిగిస్తే గంటలో చర్మం ఒరుసుకుపోతుంది. నాకు ఎడమ పక్కన ఎర్రగా కమిలిపోయింది. రెండోది మోచేతి పైన కట్టే పట్టీ, పోలార్ వెరిటీ సెన్స్ అలాంటిదే. లైటుతోనే కొలుస్తుంది గానీ అక్కడ చెయ్యి కండగా ఉంటుంది, వంగదు, నీళ్లు కూడా తక్కువ తగుల్తాయి. నేను మూడేళ్లుగా అదే వాడుతున్నాను.

అందుకని వాచీ కొనేటప్పుడు హార్ట్ రేట్ కోసం ఎక్కువ డబ్బు పెట్టకండి. బయటి సెన్సర్‌ని బ్లూటూత్‌తో కలుపుకుంటుందా లేదా అన్నది చూడండి. చవక బ్యాండ్లు చాలావరకు కలుపుకోవు.

భీమిలి_తెడ్డు
ఇది నాకు కొత్త సంగతి. నాది కూడా 90 దాటదు. గుండె అంత గట్టిగా ఉందని ఇన్నాళ్లూ సంతోషపడ్డాను.

పూల్‌_అమ్మాయి
@గంభీరం_గాలి బ్లూటూత్ నీళ్లలో పనిచేస్తుందా అండీ? ఈతలో కూడా వాడుకోవచ్చా?

గంభీరం_గాలి
నీళ్లలో బ్లూటూత్ కొన్ని అంగుళాలు కూడా సరిగ్గా పోదు. కయాక్‌లో చేతులు నీళ్ల పైనే ఉంటాయి కాబట్టి దిగుల్లేదు. ఈతలో సెన్సరే తనలో రికార్డు చేసుకుని తర్వాత ఫోన్‌కి ఇచ్చేలా ఉండాలి. వెరిటీ సెన్స్ అలా చేస్తుంది. జీపీఎస్ కూడా నీళ్ల కింద అందదు, పూల్‌లో వాచీ దూరాన్ని రౌండ్ల లెక్కన కడుతుంది. అందుకే పూల్ పొడవు ముందే సరిగ్గా పెట్టుకోవాలి.

తెప్ప_మీద_పుట్టాను
మాది జాలారిపేట. మా నాన్న, తాత తెప్ప మీద వేటకెళ్లినవాళ్లే. మీరంతా వాచీ గురించి మాట్లాడుతున్నారు, మంచిదే, కానీ ఒక్కరూ గాలి గురించి అనట్లేదు. ఎండ ఎక్కిన కొద్దీ సముద్రం మీంచి గాలి పెరుగుతుంది, కెరటం ముక్కలు ముక్కలవుతుంది. తెల్లారకట్ల దిగి ఎండ ముదరకముందే ఒడ్డెక్కాలి. అక్టోబరు, నవంబరుల్లో అల్పపీడనం అన్న మాట వింటే అసలు దిగకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసిందో ఈ ఊరికి చెప్పక్కర్లేదు. చేతికున్న గడియారం వైపు చూస్తూ తెడ్డేసేవాడు కెరటాన్ని చూడడు. నాకు తెలిసి దీనికి వాచీ అవసరమే లేదు.

ఉప్పుగాలి
బాబాయ్ గారూ, గాలి మాట నెత్తిన పెట్టుకుంటాను. మేం ఆరింటికే దిగుతాం, లైఫ్ జాకెట్, విజిల్ లేకుండా మా గ్రూపులో ఎవర్నీ దిగనివ్వరు. వాచీ అవసరం లేదన్నది మాత్రం ఒప్పుకోలేను. మా అమ్మ బీపీని పట్టించుకోక 52 ఏళ్లకే పక్షవాతం తెచ్చుకుంది. ఎంత కష్టపడుతున్నానో, ఎక్కడ ఆగాలో నాకు అంకెల్లో తెలియాలి. తెలిస్తేనే ధైర్యం.

తెప్ప_మీద_పుట్టాను
అలాగైతే తప్పకుండా కొనుక్కో తల్లీ. సంగతి తెలియక అన్నాను. కొన్నాక తెడ్డేసేటప్పుడు కాకుండా ఆగినప్పుడు చూసుకో.

కేజీహెచ్_దగ్గర_ఫిజియో
ఆగినప్పుడు చూసుకోమన్న సలహా చాలా మంచిది. ఇంకో రెండు మాటలు.

220లోంచి వయసు తీసేస్తే గరిష్ఠ హార్ట్ రేట్ అని వాచీలు లెక్క వేస్తాయి. మీకు 182 వస్తుంది. అది సగటు అంచనా మాత్రమే, మనిషికీ మనిషికీ పదీ పదిహేను తేడా ఉంటుంది. బీపీకి మాత్ర వేసుకుంటుంటే అది బీటా బ్లాకర్ రకమా అని మీ డాక్టర్‌ని అడగండి. ఆ రకం గుండె వేగాన్ని పెరగనివ్వదు, అప్పుడు వాచీ చూపించే జోన్లు (గుండె వేగాన్ని బట్టి కట్టే శ్రమ స్థాయిలు) మీకు వర్తించవు.

సెన్సర్ లేని రోజు కూడా పనికొచ్చే కొలత ఒకటుంది. తెడ్డేస్తూ మాట్లాడగలిగి పాట పాడలేకపోతే మధ్యస్థ శ్రమ. రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే తీవ్ర శ్రమ. పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో ఉంది. అడుగుల లెక్క కన్నా ఈ నిమిషాల లెక్క చూపించే వాచీ మీకు మేలు, ఎందుకంటే కయాక్‌లో అడుగులు ఉండవు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి ఉంటే అంకె ఎంతున్నా ఆగిపోండి.

ఉప్పుగాలి
మాత్ర ఇంకా మొదలుపెట్టలేదండీ, మూడు నెలలు చూద్దామన్నారు. ఈ పాట లెక్క చాలా నచ్చింది.

కైలాసగిరి_పరుగు
ఏ చేతికి పెట్టుకోవాలన్నది ఎవరూ చెప్పలేదు. తెడ్డు రెండు రెక్కలూ ఒకదానికొకటి మెలిక తిరిగి ఉండే రకమైతే, తెడ్డుని తిప్పే చెయ్యి, ఎక్కువమందికి కుడిది, ప్రతిసారీ వెనక్కి వంగుతుంది. వాచీ ఆ చేతికుంటే చేతి వెనకభాగం బటన్‌ని నొక్కేస్తుంది, నడి సముద్రంలో రికార్డింగ్ ఆగిపోతుంది. రెండో చేతికి పెట్టుకుని, మణికట్టు ఎముకకి రెండు వేళ్ల పైకి జరపండి. హార్ట్ రేట్ కూడా కాస్త మెరుగవుతుంది.

సిరిపురం_కోడర్
ఎండలో తెర కనిపించాలి, అదీ చూసుకోండి. నీళ్ల మీద తళతళకి రంగుల తెర వెలుతురు మొత్తం పెంచినా కష్టమే. గార్మిన్ ఇన్‌స్టింక్ట్ 2 లాంటివాటిలో నలుపు తెలుపు తెర ఉంటుంది, ఎండ ఎంత ఎక్కువుంటే అంత బాగా కనిపిస్తుంది. 10 ఏటీఎం, అయిదు బటన్లు. ఇన్‌స్టింక్ట్ 2లో కయాక్ మోడ్ కూడా ఉంది. పోలరాయిడ్ కళ్లద్దాలు పెట్టుకునేవాళ్లు షాపుకి అవి తీసుకెళ్లండి, కొన్ని తెరలు ఓ కోణంలో నల్లగా అయిపోతాయి.

పూల్‌_అమ్మాయి
కయాక్ మోడ్ లేని వాచీ కొంటే రికార్డు అవ్వదా?

సిరిపురం_కోడర్
అవుతుంది. "ఇతర వ్యాయామం" అని మొదలుపెట్టి, తర్వాత స్ట్రావా యాప్‌లో కయాకింగ్ అని మార్చుకోవచ్చు. తెడ్డు లెక్క రాదు, అంతే. జీపీఎస్ సెకనుకోసారి రికార్డు చేసే సెట్టింగ్ ఉంటే అదే పెట్టండి, లేకపోతే మలుపులన్నీ కోసేసి దూరం తగ్గించి చూపిస్తుంది.

అడవివరం_పద్దమ్మ
మా ఆయన వాచీకి 300 మీటర్లు అని రాసుంది. ఆయన గట్టు దాటి నీళ్లలో కాలు పెట్టరు. అంత లోతు కుర్సురా జలాంతర్గామికి కావాలి గానీ మనకెందుకు?

నేను కయాక్ ఎక్కను గానీ ఒకటి అడుగుతా. సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా నడుస్తా. తొలిపావంచా (కొండ మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి సాయంత్రం బయల్దేరితే తెల్లారుతుంది. ఆషాఢం వాన, మధ్యలో అప్పుఘర్ దగ్గర సముద్ర స్నానం. పోయినేడు మా అమ్మాయి కొనిచ్చిన వాచీ మాధవధార రాకముందే ఆగిపోయింది. నీళ్లు వెళ్లాయా, ఛార్జింగ్ అయిపోయిందా?

కైలాసగిరి_పరుగు
పద్దమ్మ గారూ, ఇంటికొచ్చి ఛార్జింగ్ పెడితే మళ్లీ వెలిగిందా?

అడవివరం_పద్దమ్మ
వెలిగింది. ఇప్పటికీ బాగానే ఉంది.

కైలాసగిరి_పరుగు
అయితే నీళ్లు కాదు, ఛార్జింగే. "14 రోజుల బ్యాటరీ" అన్నది జీపీఎస్ వాడనప్పటి లెక్క. జీపీఎస్ ఆన్ చేస్తే గంటల్లోకి వస్తుంది. కొనేటప్పుడు "జీపీఎస్‌తో ఎన్ని గంటలు" అని అడగాలి. ఈసారి నడకకి జీపీఎస్ ఆపేసి అడుగులే లెక్కపెట్టుకోండి, రాత్రంతా వస్తుంది.

ఎన్‌ఏడీ_నర్సు
చర్మం గురించి. మన ఊరి ఉక్కకి తడి పట్టీ రోజంతా ఉంచుకుంటే కింద చెమటకాయలు, దురద, ఒక్కోసారి పుండు. సముద్రం నుంచి రాగానే తీసి, చెయ్యి కడిగి, పొడిగా ఆరాకే మళ్లీ పెట్టుకోండి. సిలికాన్ అయితే త్వరగా ఆరుతుంది. గుడ్డ పట్టీ మెత్తగా ఉంటుంది గానీ ఉప్పు పీల్చుకుని గరగరలాడుతుంది, నీళ్లలో నానబెట్టి ఉతకాల్సిందే.

జగదాంబ_వాచీలు
కడిగాక వెంటనే ఛార్జింగ్ పెట్టొద్దు, ఇది అందరికీ. తడి పిన్నులకి కరెంట్ తగిలితే ఆ పచ్చ చిలుం వచ్చేది అప్పుడే. ముందు పూర్తిగా ఆరనివ్వండి. సెకండ్ హ్యాండ్ వాచీ ఎంత బాగున్నా సముద్రానికి కొనకండి, అదివరకు ఎవరైనా విప్పారో లేదో పైకి తెలీదు.

ఉప్పుగాలి
మూడు వారాల తర్వాత వచ్చాను. ఆఫర్‌లో టీ-రెక్స్ రకం వాచీ ఒకటి, దాంతోపాటు మోచేతి పైన కట్టే సెన్సర్ తీసుకున్నాను. రెండూ కలిపి 20 వేలు దాటింది, వెయ్యి రూపాయలు మా తమ్ముడు వేశాడు. డబ్బా మీద 10 ఏటీఎం అన్న మాట చదివాకే డబ్బిచ్చాను, షాపులోనే సెన్సర్ కలిపి చూశాను.

మొన్న ఆదివారం ఎడమ చేతికి, ఎముక పైకి జరిపి పెట్టుకున్నాను. 52 నిమిషాలు, 3.4 కిలోమీటర్లు. ఒకే సమయంలో మణికట్టు 91 చూపించింది, మోచేతి పట్టీ 148. గంభీరం గాలి గారు చెప్పింది కళ్లారా చూశాను. 148 దగ్గర పాట పాడదామని చూస్తే ఒక్క ముక్క రాలేదు, పక్క కయాక్ అమ్మాయికి సమాధానం మాత్రం చెప్పగలిగాను. ఆగి, తెడ్డు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే రెండు నిమిషాల్లో 112కి దిగింది. డాక్టర్ గారికి చూపించడానికి ఆ గ్రాఫ్ దాచుకున్నాను.

ఒడ్డున సీసా నీళ్లతో పట్టీ తీసి కడిగాను. వాచీకీ పట్టీకీ మధ్య గాడిలో సన్నటి ఇసుక, నల్లగా, గీత గీసినట్టు ఉంది. పాత బ్యాండ్‌లో నెల రోజులు అలాగే ఉండి ఉంటుంది, నేను ఒక్కసారి కూడా చూడలేదు.

జగదాంబ_వాచీలు
ఆ ఇసుకని గుడ్డతో రుద్దకండి, రింగులోకి పోతుంది. మెత్తటి పాత టూత్‌బ్రష్, నీళ్ల ధార కింద.

గంభీరం_గాలి
91కి 148. మా గ్రూపులో కొత్తవాళ్లకి చూపిస్తాను, ఆ గ్రాఫ్ ఇక్కడ పెట్టగలరా?

తెప్ప_మీద_పుట్టాను
వచ్చే ఆదివారం గాలి తక్కువే ఉంటుందనిపిస్తోంది. మీ గ్రూపు ఆరింటికే దిగితే నేనూ ఒడ్డుకొస్తాను తల్లీ, ఆ మోచేతి పట్టీ ఓసారి కట్టి చూస్తాను.

ఉప్పుగాలి
రండి బాబాయ్ గారూ, పావు తక్కువ ఆరుకల్లా అక్కడుంటాం. గ్రాఫ్ రాత్రికి పెడతాను.